తాడు మావయ్యతో ఏటి ఒడ్డున

మా మావయ్య కనబడినదాన్నల్లా తాడేసి కట్టేస్తాడు. గొడుగును సంచికి, సంచిని చేతికి, రైలెక్కితే ఆ చేతిని కిటికీ ఊచకి. ఒకసారి ముడి ఊడిరాక దిగాల్సిన ఊరు దాటిపోయి, తర్వాతి ఊళ్లో దిగాడు కూడా. తాడు మావయ్య అంటే మా చుట్టాల్లో తెలియనివాళ్లు లేరు.

ఎందుకలా అని అడిగితే, "గాలొస్తే?" అంటాడు.

"ఇంట్లో గాలేంటి మావయ్యా?"

"అది చెప్పి వస్తుందట్రా?"

కొన్నేళ్లుగా ఇది మరీ ముదిరింది. పడగ్గది నుంచి హాలు మీదుగా వంటింటి దాకా దండెం కట్టాడు. దాని మీద ఒక్క బట్ట ఆరేసిన పాపాన పోలేదు. ఇంటికొచ్చినవాళ్లు మాత్రం దాని కింద నుంచి దూరి సోఫా చేరుకోవాలి.

ఏటి ఒడ్డున రెండు రోజులు గడపాలని అత్తయ్యకి ఎప్పటినుంచో కోరిక. నేషనల్ పార్కులో నది పక్కనే టెంట్లు వేసుకోనిస్తారని తెలిసి ఇద్దర్నీ కారెక్కించాను. దారి పొడుగునా మావయ్య నా ప్రాణం తోడేశాడు. లోతెంత, ఒడ్డు జారుతుందా, దీపాలున్నాయా?

"అడవిలో దీపాలెక్కడివి మావయ్యా?"

ఆయన ముఖం వాడిపోయింది. మొదట కనబడిన దుకాణం దగ్గర కారాపించి పెద్ద తాడు చుట్ట కొన్నాడు.

అక్కడ ఎంత ప్రశాంతంగా ఉందో. మావయ్య చెయ్యి పడే వరకే లెండి. కాసేపటికి ఎటు తిరిగినా తాడే. స్టవ్వును బల్లకి కట్టాడు, నా చెప్పుల్ని ఒకదానికొకటి కట్టాడు, నేను బోర్లా పడ్డాను. చివరికి టెంటు నుంచి నీళ్ల దాకా చెట్టుకీ చెట్టుకీ వరసగా తాడు లాగాడు.

"వచ్చేటప్పుడు తాడు పట్టుకునే రా. గాలొస్తుంది," అన్నాడు అత్తయ్యతో.

"వస్తే నా పక్కన కూర్చుంటుందిలెండి," అంటూ ఆవిడ తువ్వాలు తీసుకుని వెళ్లి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది.

పొద్దు వాలుతుండగా పార్కు గార్డు వచ్చాడు.

"చెట్లకేమీ కట్టకూడదండీ. విప్పేయండి."

మావయ్య మిగతావన్నీ విప్పాడు. నీళ్ల వైపు తాడు దగ్గర ఆగిపోయాడు.

"ఇదొక్కటీ ఉండనీ బాబూ. మా ఆవిడ ఇంకా అక్కడే ఉంది."

"పిలిస్తే వస్తారుగా," అని గార్డు ముడి మీద చెయ్యేశాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మావయ్య, ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వెలుగు తగ్గితే ఆవిడకి కనబడదు. నయమయ్యేది కాదని డాక్టరు నాకూ చెప్పాడు. కానీ నాకు తెలియదనే అనుకుంటోంది. చెయ్యి పట్టుకుని నడిపిస్తే చిన్నబుచ్చుకుంటుంది బాబూ."

"మరి మిగతా తాళ్లన్నీ?" అన్నాను.

"ఒక్కటే కడితే ఎందుకో తెలిసిపోదట్రా?"

ఇంట్లో దండెం గుర్తొచ్చింది. దాన్ని చూసి అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

గార్డు బుర్ర గోక్కున్నాడు. "చెట్లకి కట్టకూడదు. మనుషులు పట్టుకోకూడదని రూల్లో లేదు," అంటూ ముళ్లు విప్పి, టెంటు వైపు కొస తనే పట్టుకున్నాడు. నేను మధ్యలో నిలబడ్డాను. మావయ్య రెండో కొసతో నీళ్ల దగ్గర పొద చాటున నక్కాడు.

"అత్తయ్యా, వచ్చేయండి," అని కేకేశాను.

నీళ్ల చప్పుడొక్కటే వినబడుతోంది. చీకటి ముసురుకుంటోంది. అంతలో నా చేతిలో తాడు కదిలింది. ఆవిడ నెమ్మదిగా నడిచి వచ్చింది. ఆవిడ వేళ్లు నా చేతికి తగిలాయి.

"నువ్వేంట్రా ఇక్కడ స్తంభంలా?"

"గాలొస్తుందని, అత్తయ్యా."

ఆవిడ నవ్వి, గొంతు తగ్గించింది. "మీ మావయ్యకి చెప్పకురా. చీకటి పడితే నాకు కనబడదు. అసలే కంగారు మనిషి. ఆయన తాళ్ల పిచ్చి పుణ్యమా అని నెట్టుకొస్తున్నాను."

"చెప్పనత్తయ్యా," అన్నాను.

తాడు చివర చేతికి ఏదో తగిలేసరికి తడిమి చూసి, తడి తువ్వాలు దాని మీద ఆరేసింది.

"కొమ్మ భలే అందుబాటులో ఉందిరా," అంటూ టెంట్లోకి వెళ్లింది.

చెట్లకేమీ కట్టకూడదన్న గార్డు, చాచిన చేతి మీద తువ్వాలుతో ఊపిరి బిగబట్టి అలాగే నిలబడి ఉన్నాడు.