ఆవనూనె జడలు

ఎక్కడైనా ఆవనూనె వాసన తగిలితే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

మేళ్లచెరువు సర్కారు బడిలో నా పక్కన సుమిత్ర కూర్చునేది. సిమెంటు ఫ్యాక్టరీ పనికని వాళ్లు ఒడిశా నుంచి వచ్చారు. రోజూ ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించేది నేనే. మాతృభాషా దినం నాడు మాత్రం టీచరు సుమిత్రతో ఒడియా పాట పాడించింది. బడంతా చప్పట్లు. జడలకు రాసుకునే ఆవనూనె వల్లే దానికా భాష వచ్చిందనుకున్నాను.

ఇంటికెళ్లి ఏడ్చాను. "అమ్మా, నాగ్గూడ గా నూనె పెట్టవే. మనకు వేరే భాష ఎందుకు లేదు?"

అమ్మ నవ్వలేదు. "గా పిల్లకు మనదే వేరే భాష బిడ్డా. పొద్దంత దాంట్లనే మాట్లాడుతది. నువ్వు ఒక్క పాటకే ఏడుస్తున్నవ్."

మా భాష నడుమ సుమిత్ర ఒక్కనాడూ ఏడవలేదు. పాట మరిచిపోయాను గానీ, ఆ గుండెధైర్యానికి ఇప్పటికీ కుళ్లుకుంటాను.