నూటికి తొంభై హాజరు

నా డిప్లొమా సర్టిఫికెట్లో ఒక గొప్ప మాట ఉంది. ఈ విద్యార్థి రెండేళ్లపాటు తరగతులకు క్రమం తప్పకుండా వచ్చాడనీ, అతని హాజరు నూటికి తొంభై అనీ. కింద సంతకం, పక్కన గుండ్రటి ముద్ర. ఆ రెండేళ్లూ నేను సౌదీలో, అల్ ఖర్జ్‌లో, ఆవుల పాలు పిండే షెడ్డులో ఉన్నాను. ఆ సర్టిఫికెట్ ఇచ్చిన సెంటరు గడప తొక్కింది లీవులో పరీక్షలు రాయడానికి పోయినప్పుడే.

సౌదీ అంటే మా కడప జిల్లాలో అందరికీ చమురే గుర్తొస్తుంది. నాకు దక్కింది పేడ. అల్ ఖర్జ్ చుట్టూ ఇసుక, మధ్యలో కంటికి ఆనినంత దూరం ఆవులు. వాటికి పెద్ద పెద్ద ఫ్యాన్లు, పైనుంచి సన్నటి నీటి తుంపర. మాకు రేకుల గదులు, గదికి ఒక పాత ఏసీ. అది చెడిపోతే బాగుచేసే మనిషి వారానికి వస్తాడు. ఆవుల ఫ్యాను చెడిపోతే పరుగెత్తుకుంటూ వస్తాడు. తప్పేం లేదులెండి, పాలిచ్చేవి అవి కదా.

ఆ ఆవుల మెడలో ఒక పట్టీ ఉంటుంది, పట్టీలో చిప్పు. ఆవు పాలు పిండే చోటికి రాగానే అక్కడున్న మిషను ఆ చిప్పును చదివి, అది ఏ ఆవో, నిన్న ఎన్ని పాలు ఇచ్చిందో కంప్యూటర్‌లో చూపిస్తుంది. ఆ మిషన్లు ఊరికే మొరాయించేవి. మా ఫోర్‌మన్ పాకిస్తానీ. ఆయనకు తెలిసిన మరమ్మతు ఒక్కటే, చెప్పుతో కొట్టడం. ఒకరోజు ఆయన చెప్పు తీసేలోపు నేను వైరు పీకి, దుమ్ము తుడిచి, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. పనిచేసింది. ఆ రోజునుంచి షెడ్డులో ఎక్కడ స్క్రీను ఆగినా నన్నే పిలిచేవాళ్లు. ఆ పనికి జీతం లేదు. పాలు పిండే పనికే జీతం.

ఇఖామా అని ఇక్కడ ఒక కార్డు ఉంటుంది. ఈ దేశంలో ఉండనిచ్చేది అదే. దాని మీద ఏం పని అని రాసుంటే మనిషి బతుకు అంతే. నా దాని మీద ఆమిల్ అని ఉంది, అంటే కూలి. ఆమిల్‌కి ఫ్యామిలీ వీసా ఇవ్వరు. టెక్నీషియన్ అయితే ఇస్తారు. నేను కంప్యూటర్ డిప్లొమా చదివింది విద్య మీద ప్రేమతో కాదు. ఆ ఒక్క మాట మారాలని, నా పెళ్లాం నా దగ్గరికి రావాలని చదివాను.

మాకు పెళ్లయి చాలా ఏళ్లయింది. ఒక కప్పు కింద ఉన్నది మాత్రం నా లీవు రోజులే. పిల్లలు లేరు. ఎలా ఉంటారు? మొగుడు ఎడారిలో, పెళ్లాం రాయచోటి దగ్గర పల్లెలో. అయినా మా వాళ్ల నోళ్లు ఊరుకుంటాయా? మా అమ్మే ముందు మొదలుపెట్టింది, డాక్టర్‌కి చూపించుకో అని కోడలి వెంటపడింది. ఫోన్లో ఈ సంగతి చెప్తూ నా పెళ్లాం ఏడవలేదు. "డాక్టరమ్మ నన్ను చూసి ఏం చేస్తాది? నీ టికెట్టు చూడమని చెప్పు మీ యమ్మకి" అంది.

మా జిల్లా టౌనులో బట్టల షాపు పైన ఒక కంప్యూటర్ సెంటరు ఉంది. రెండేళ్ల ఐటీ డిప్లొమా, దూరవిద్య. పుస్తకాలు మా ఊరినుంచి వచ్చేవాళ్ల సంచుల్లో వచ్చాయి, ఎండుచేపల పొట్లాల పక్కన. జెరాక్స్ మసిలో సగం అక్షరాలు కనిపించవు. తెల్లవారుజామున మొదలైన డ్యూటీ మధ్యాహ్నానికి అయిపోతుంది. గదిలో వాళ్లంతా తిని పడుకుంటే నేను పైమంచం ఎక్కి చదివేవాణ్ణి. రేకు తలకు తగిలేంత దగ్గర. వేడికి పేజీలు వేలికి అతుక్కునేవి. అయినా చదివాను. కంప్యూటర్ లోపల ఏముంటుంది, నెట్‌వర్క్ ఎలా కలపాలి, డేటాబేస్ ఎలా కట్టాలి, అన్నీ. ఒక్క ముక్క కూడా కాపీ కొట్టలేదు. ఆ మాట ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలో తెలియదు.

నా పెళ్లాం పదో తరగతి చదివింది. ఆ పుస్తకాలకు ఇంకో జెరాక్స్ తన దగ్గర పెట్టుకుని, ఫోన్లో ప్రశ్నలు అడిగేది. ఇంగ్లీషు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేది. నేను చెప్పింది పుస్తకంలో ఉన్నదానితో కలవకపోతే ఒప్పుకునేది కాదు.

"ఈ ఐపీ అడ్రస్ అంటే ఏంది?" అని అడిగింది ఒకసారి.

"కంప్యూటర్‌కి ఇంటి నంబరు లాంటిది. ఆ నంబరు లేకుంటే దానికి ఏదీ చేరదు."

"కంప్యూటర్‌కి కూడా ఇల్లుండాది. మనకే లేదు" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ రోజు ఇంక చదువు సాగలేదు.

పరీక్షలు రెండు లీవుల్లో రాశాను. కలిసి ఉండాల్సిన రోజులు వాటికే పోయాయి. ఆమె టిఫిన్ డబ్బా కట్టుకుని నాతోపాటు బస్సెక్కి టౌనుకు వచ్చి, నేను పరీక్ష రాసి దిగేదాకా ఆ బట్టల షాపు మెట్ల మీద కూర్చునేది. పాసయ్యాను. మంచి మార్కులే వచ్చాయి. సర్టిఫికెట్ తీసుకోవడానికి ఇద్దరం పోయాం.

సెంటరు సార్ చాలా సంతోషించాడు. "గల్ఫ్‌కి గదా? అట్లయితే రెగ్యులర్ అని ఇస్తా. డిస్టెన్స్ అంటే ఆడ మొగాన కొడతారు. మనోళ్లందరికీ ఇట్లనే ఇస్తాండా" అన్నాడు.

ఈ సలహా నాకు కొత్త కాదు. క్యాంపులో నా కింది మంచం నిజామాబాద్ అతనిది. తను ఏడో తరగతి దాటకపోయినా ఇఖామాలు, వీసాలు, కోర్టులు, అన్నింట్లోనూ ఆయనదే ఆఖరి మాట. "డిస్టెన్స్ అని ఉంటే చెత్తబుట్టల ఏస్తరు అన్నా. రెగ్యులర్ రాయించుకో, గట్టిగుంటది" అని ఎప్పటినుంచో నూరిపోశాడు. గదిలో అందరూ అవునన్నారు. రాస్ తనూరాలో చమురు కంపెనీలో ఉన్న మా బంధువును అడిగితే ఆయనా అదే చెప్పాడు. మేమంతా పాస్‌పోర్టులో వచ్చిన ముద్ర, పోయిన ముద్ర వేయించుకుని బతికేవాళ్లమే. ఆ ముద్రల్లో మనం ఎప్పుడెక్కడున్నామో రాసుంటుందని ఒక్క తలకాయకీ తట్టలేదు. సార్ తొంభై శాతం హాజరు అని కూడా ఉచితంగా చేర్చి ఇచ్చాడు. థాంక్స్ చెప్పి మిఠాయి పొట్లం చేతిలో పెట్టి వచ్చాం.

ఆ తర్వాత సర్టిఫికెట్ సౌదీలో చెల్లాలని హైదరాబాద్, ఢిల్లీ అంటూ ఏజెంటు చేత ముద్రల మీద ముద్రలు వేయించాం. నేను లీవు అయిపోయి వచ్చేస్తే ఆ తిరుగుడంతా ఆమే తిరిగింది. ముద్ర వేసినవాడెవడూ ఒక్క ప్రశ్న అడగలేదు. అన్నీ పూర్తయి కాగితం నా చేతికి వచ్చాక ఆమె టౌనులో సౌదీలో ఆడవాళ్లు బట్టల మీద వేసుకునే నల్ల అబాయా కుట్టించుకుంది. వేసుకుని ఫోటో పంపింది. "పొడుగైంది, పైకి మడిచి కుట్టమన్నా" అని రాసింది. ఆ వారమంతా నేను షెడ్డులో ఈల వేసుకుంటూ తిరిగాను. ఆవులు కూడా విసుక్కుని ఉంటాయి.

మా పాల ఫారంలో ప్రభుత్వ ఆఫీసుల పనులన్నీ చూసేది మందూబ్. సౌదీ మనిషి, వయసైనవాడు, నెమ్మదస్తుడు. సర్టిఫికెట్ ఇస్తే కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి నా ఇఖామా నంబరు కొట్టాడు. నేను దేశంలోకి వచ్చిన రోజులు, పోయిన రోజులు వరసగా వచ్చాయి. సర్టిఫికెట్ ఒకసారి, స్క్రీను ఒకసారి చూశాడు. నాకు విషయం అప్పుడు వెలిగింది.

"నువ్వు ఇక్కడా ఉన్నావు, అక్కడా ఉన్నావు. ఎలా?" అని అడిగాడు, అరబ్బీలో కొంత, హిందీలో కొంత.

నిజం చెప్పాను. ఇక్కడినుంచే చదివాను సార్, పరీక్షలు నేనే రాశాను, కావాలంటే ఇప్పుడే అడగండి అన్నాను. ఆయన అడగలేదు.

"దూరంనుంచి చదివాడు అని రాసుంటే నేను వాళ్లతో మాట్లాడి చూసేవాణ్ణి. ఇస్తారో ఇవ్వరో చెప్పలేను కానీ, అడిగేవాణ్ణి. ఇప్పుడు దీన్ని పంపితే దొంగ కాగితం అంటారు. కేసవుతుంది. నేను దీన్ని చూడలేదు. తీసుకుపో" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. చల్లగా నన్ను జైలునుంచి తప్పించి పంపాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోను? ఆయన మీదా? సెంటరు సార్‌కి ఫోన్ చేసి, నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన అంతా విని, "అట్లయితే డిస్టెన్స్ అని ఇంగోటి కొట్టిస్తా" అన్నాడు. ఒకే చదువుకు రెండు సర్టిఫికెట్లు. ఫోన్ పెట్టేశాను. కింది మంచం అతను నా వైపు చూడకుండా, "మా ఊరాయనకైతే అయింది అన్నా" అని గొణిగాడు. ఆ రోజు నేను అతన్ని కొట్టకపోవడం నా మంచితనం కాదు, ఒంట్లో సత్తువ లేక.

నా పెళ్లానికి చెప్పాను. "పరీక్ష నువ్వే గదా రాసింది. నేను కిందనే కూర్చోనుంటి గదా" అంది. అదే మాట మళ్లీ మళ్లీ అంది, నేనేదో నమ్మనట్టు.

వెటకారం ఏమిటంటే నా చదువు వాళ్లకు బాగా పనికొచ్చింది. ఆఫీసులో ప్రింటరు ఆగినా, కెమెరాలు పోయినా, మేనేజరు ల్యాప్‌టాప్‌కి ఏమైనా నన్నే పిలుస్తారు. పేడ చేతులు కడుక్కుని పోతాను. ముహందిస్ వచ్చాడు అని నవ్వుతూ కుర్చీ వేస్తారు. ముహందిస్ అంటే ఇంజనీరు. పని అయిపోగానే ఆ ఇంజనీరు మళ్లీ షెడ్డులోకి.

కొన్ని నెలలు గడిచాక ఒక సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. గొంతులోనే తెలిసిపోయింది, ఏదో తేల్చుకునే చేసిందని.

"నువ్వు పిలిపిస్తావని చూసింది చాలు. ఇంగ నేనే వస్తాండా."

మా వైపు ఆడవాళ్లను సౌదీ ఇళ్లల్లో పనికి పంపే ఏజెంటు ఉన్నాడు. ఆయనతో మాట్లాడేసుకుంది. నేను అరిచాను. వద్దన్నాను. పనిమనిషి బతుకు నీకు తెలియదు, ఇల్లు దాటనివ్వరు అన్నాను.

"తెలుసు. మన ఊర్లో ఎంతమంది రాలేదు? నేనేం సుకపడడానికి వస్తానంటినా? ఒకే దేశంలో ఉంటే వారానికో నెలకో చూసుకోవచ్చు గదా" అంది.

ఒకే దేశం అంటే కడప, ప్రొద్దుటూరు అనుకుంది. ఆమెను పెట్టిన ఇల్లు జెద్దాలో. నేనున్నచోటునుంచి అక్కడికి దేశం ఈ చివరనుంచి ఆ చివరకు పోయినట్టే. ఏజెంటు రియాద్ అని చెప్పాడట. విమానం దిగాక తెలిసింది.

ఆమె వచ్చిన ఐదో నెలలో ఆ ఇంటివాళ్లు శుక్రవారం ఒక పూట ఒప్పుకున్నారు. నేను సెలవు అడుక్కుని, బస్సులో పడి పోయాను. జెద్దాలోని షరఫియా పేటలో మనవాళ్ల అంగళ్లు, హోటళ్లు ఉంటాయి. ఆ ఇంటి డ్రైవరు ఆమెను ఒక హోటలు ముందు దించి, కారులోనే కూర్చున్నాడు. ఆమె ఒక్కతే రాలేదు. చంకలో ఆ ఇంటి పసిపాప. దించితే ఏడుస్తుందట, ఆమె దగ్గర తప్ప ఎవరి దగ్గరా నిలవదట. ఆ పాపను ఒడిలో పెట్టుకునే నాకు ఎదురుగా కూర్చుంది. చిక్కిపోయింది. చేతుల చర్మం సబ్బునీళ్లకు తెల్లగా పొక్కులు లేచింది. నేను ఆ చేతిని పట్టుకోబోతే పాప తోసేసింది.

"మీ ఆయన ఏం చేస్తాడని మేడమ్ అడిగింది. కంప్యూటర్ చదివినాడని చెప్పినా" అంది.

"ఏమన్నాది?"

"మల్ల నువ్వేంటికి పనికొచ్చినావని అడిగింది."

"నువ్వేం చెప్పినావు?"

"నిన్ను చూడనీకి వచ్చినా అని చెప్పినా. నవ్వింది." ఇడ్లీ తుంచి పాప నోట్లో పెట్టింది. తను తినలేదు. ఇంకేం మాట్లాడుకున్నామో నాకు పెద్దగా గుర్తులేదు. డ్రైవరు హారన్ కొట్టాడు, ఆమె లేచి పోయింది.

పోయిన వారం మందూబ్ నన్ను ఆఫీసుకు పిలిచాడు. ప్రింటరు కోసమేమో అనుకున్నాను. కాదు, నా లీవు వచ్చింది, ఇండియా టికెట్ ఎప్పటికి తీయాలో చెప్పమన్నాడు. వద్దన్నాను. ఆశ్చర్యపోయాడు. ఏడాది దాటింది, ఇంట్లో వాళ్లను చూడవా అన్నాడు.

"ఇంట్లో లేదు. నా భార్య ఇక్కడికే వచ్చింది" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. పాత సంగతి గుర్తున్నట్టుంది. కుర్చీలోంచి లేచి, నా భుజం తట్టి, "మబ్రూక్, మబ్రూక్" అని అభినందించాడు. ఎక్కడుంది, ఏ పని మీద వచ్చింది అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. షుక్రన్ అని థాంక్స్ చెప్పి షెడ్డుకు వచ్చేశాను.