ఉయ్యాల పైన అటక

దెయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని నేను. తెల్లారకముందే గంప నెత్తిన పెట్టుకుని ఒంటరిగా పడవల దగ్గరికి పోయేదాన్ని. ఎన్నడూ ఏదీ కనబడలేదు.

మాది భోగాపురం దగ్గర ఒడ్డు, చేపల వ్యాపారం. రేకుల ఇల్లు, రేకుల కింద చెక్క అటక. పోయిన వేసవిలో మా అమ్మాయి ధనం పురిటికి వచ్చింది. వేడికి పసిపిల్ల తట్టుకోలేదని మా ఆయన అటక నిండా ఊక పోయించాడు. ఐసు దిమ్మల్ని మేం ఊకలోనే దాస్తాం మరి.

మేస్త్రి సూరి చూసి నవ్వాడు.

"ఊకేటి బావా? ఎలకలకి పరుపేసినావు."

"ఐసే కరగనప్పుడు ఇల్లెలాగ ఏడెక్కుతాదిరా?" అన్నాడు మా ఆయన.

పది రోజులకే పురుగులు, చీమలు, ఎలుకలు దిగాయి. పసిపిల్ల మడమని ఒక ఎలుక కొరికేసింది. ఆసుపత్రికి పరిగెత్తాం. ఈసారి గొంతు కొరికితే ఏం గతి అని ధనం నిద్ర మానేసింది.

ఊకంతా తీయించాం. థర్మాకోల్ వేద్దామంటే ఎలుకలు దాన్నీ తొలిచేస్తాయని సూరి ఒప్పుకోలేదు. రాతితో చేసే ఉన్ని పలకలు తెచ్చి పరిచాడు. ఎలుకకి తిండి కాదు, పురుగు పట్టదు అన్నాడు. కన్నాలన్నీ, చివరికి అటక తలుపుతో సహా, గాజు పెంకులు కలిపిన సిమెంటుతో మూసేశాడు. చప్పుడు ఆగిపోయింది.

వారం తర్వాత, మిట్టమధ్యాహ్నం, సరిగ్గా ఉయ్యాల పైన అటక కిర్రుమంది. ఎవరో పక్కకి ఒత్తిగిలినట్టు. పిల్ల ఏడుపు ఆపి పైకే చూస్తోంది.

సూరి సిమెంటు పగలగొట్టి ఎక్కాడు. వెనకే నేనూ ఎక్కాను. ఉన్ని నొక్కుకుపోయి గుంట పడి ఉంది. తల, వీపు, ముడిచిన కాళ్లు. నెల పిల్ల పడుకున్నంత. ఎలుక పెంట లేదు, కొరికిన గుర్తు లేదు. రేకుల కింద నిప్పుల్లా కాగుతుంటే, గుంటలో చెయ్యి పెడితే ఐసు ముట్టుకున్నట్టు జివ్వుమంది.

"ఎలకేనా?" అని కింద నుంచి ధనం అడుగుతోంది. సూరి గబగబా ఆ పలక ఊడబెరికాడు.

ఆ పలక మార్చి మళ్లీ మూసేశాం. ఉయ్యాల వెనక గదిలో కట్టాం. నాలుగో రోజు ఆ గది పైన కిర్రుమంది. తెరిచి చూస్తే అక్కడి ఉన్నిలో అదే గుంట.

"అమ్మా, నానిక్కడుండను. నా పిల్లని నాకు దక్కనీ."

మూడో నెల రాకుండా బాలింతని పుట్టింటి నుంచి పంపకూడదంటారు. అయినా ఆ సాయంత్రమే ఎచ్చెర్లలో అత్తవారింటికి పంపేశాం.

మర్నాడు మా ఆయన అటకెక్కి, వెంటనే దిగిపోయాడు. గుంట వీధి గుమ్మం పైకి వచ్చిందట. తల బయటి వైపుకి ఉందట.

అదేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. పిల్ల మాత్రం బాగుంది. చూడాలనిపిస్తే నేనే బస్సెక్కి పోతాను. దాన్ని ఈ గుమ్మం తొక్కనివ్వను.