గంధం పూసిన బిట్టు

పోయిన మంగళవారం పొద్దున ఆరింటికి ఫోన్ మోగింది. అవతల వర్క్‌షాప్ సార్ ఇల్లాలు. "సామీ, మీ సార్ ఇంకా లేయలేదు. నువ్వొకసారి రా నాయనా," అన్నారు. తార్నాకలో మా రెండిళ్లకు నడుమ మూడు సందులు. నేను పోయేసరికి ఆమె మంచం పక్కన కూర్చుని ఆయన కళ్లద్దాలు కొంగుతో తుడుస్తున్నారు. సార్ నిద్రలోనే పోయారు.

చావు గురించి వేదిక మీద గంటల తరబడి మాట్లాడినవాణ్ణి. ఆ పొద్దున ఒక్క మాట రాలేదు. ఇప్పుడు వస్తోంది కాబట్టి రాస్తున్నాను.

తెలియనివారికి చెప్పాలి. ఆయన క్యాంపస్‌లో ఇంజనీరింగ్ పిల్లలకు చెక్కపని నేర్పి రిటైరైన మనిషి. సీమ నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను అదే క్యాంపస్‌లో హాస్టల్ మెస్ స్టోరు చూసుకునేవాణ్ణి. నాకు గురువులు లేరు. బియ్యం బస్తాల నడుమ కూర్చుని గ్రంథాలు నాకు నేనే చదువుకున్నాను. శనివారం శనివారం క్వార్టర్స్ హాల్లో ప్రవచనం చెబుతాను. సార్ మూడో వరుసలో గోడ పక్కన కూర్చునేవారు. మెచ్చుకోవడం ఆయనకు అలవాటు లేదు. ఒకసారి మాత్రం, "బాగా అరుస్తావు సామీ, నిద్ర రాదు," అన్నారు.

ఇంటి వెనక రేకుల షెడ్డు ఆయన లోకం. పని మొదలుపెట్టేముందు ఊడ్చేవారు, అయ్యాక మళ్లీ ఊడ్చేవారు. పనిముట్టు ఎవరి చేతికీ ఇవ్వరు, బల్ల మీద పెడతారు. ఎందుకని అడిగితే, "ఎత్తుకునేటప్పుడు దాన్ని ఒకసారి చూస్తావు గదప్పా, అందుకే," అన్నారు. నేను ఎన్నో ప్రవచనాలు చెప్పాను. ఇంత చిన్న మాటలో ఇంత జాగ్రత్త ఎన్నడూ చెప్పలేకపోయాను.

నిరుడు హాలుకున్న పాత టేకు తలుపు తీసేసి ఇనుపది పెట్టారు. అందులో చెదలు పట్టని పలక ఒక్కటే మిగిలింది. కార్తీకంలో ఏడు రోజుల ప్రవచనం ఉంది, గ్రంథం పెట్టుకునే వ్యాసపీఠం దీంతో చేయించమని పెద్దలు నాకిచ్చారు. చేయించడమేమిటి, నేనే చేస్తానని నిండు సభలో మాటిచ్చాను.

సార్ షెడ్డు తెరిచారు. చెక్కలో గాడి కొట్టే రూటర్ యంత్రం ఆయనదే. దానికి బిగించే కోత మొనలు, అదే బిట్లు, మాత్రం నన్నే కొనుక్కోమన్నారు. ముషీరాబాద్‌లో హార్డ్‌వేర్ షాపాయన రెండు తీసి ముందర పెట్టాడు. ఒకటి నిండా బిట్లున్న డబ్బా. రెండోది ఒకే ఒక్క బిట్టు, దాని ధర డబ్బా మొత్తం కంటే ఎక్కువ.

"ఇదేంది భాయ్, దీనికి వెండి తొడుగేమన్న ఏసిండ్రా?"

"దినాం పని చేస్తరా పంతులుగారు, షౌక్ కోసమా?"

"షౌక్ కాదు, దేవుని పని."

"అయితే డబ్బా తీస్కోండి. దేవుడు అడ్జస్ట్ అయితడు."

డబ్బానే తీసుకున్నాను. ఆ శనివారం వేదిక మీద నిప్పులు చెరిగాను కూడా. ధర చూసి వస్తువుకు విలువ కట్టేవాడు గర్భగుడిలోనూ బంగారానికే దండం పెడతాడని అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. సార్ మెడ గోక్కున్నారు.

మర్నాడు ఆయన నా డబ్బాలోని బిట్టు ఒకటి బిగించి, తలుపు తాలూకు చెదలు తిన్న ముక్క మీద వరసగా గాళ్లు కొట్టమన్నారు. మొదటిది బాగానే వచ్చింది. అయిదో గాడికి పొగ లేచింది, అంచు నల్లగా కాలింది. టేకు చవక బిట్టును తొందరగా మొద్దు చేస్తుందట. పక్కనే తన మంచి బిట్టుతో ఒక గాడి కొట్టి, "కళ్లు మూసుకో సామీ, వేలితో చూడు," అన్నారు. ఒకటి దువ్వెన పళ్లలా గీరుకుంది. రెండోది కొత్త సబ్బులా ఉంది.

"అయితే ఈ డబ్బా పారెయ్యాల్నా సార్?"

"ఎందుకు పారేసేది? అంచు గుండ్రంగా తిప్పేది, పువ్వు చెక్కేది ఏడాదికొకసారి వాడతావు. వాటికి ఇది చాలు. ఎప్పుడూ చేతిలో ఉండేది ఏదో, ఆ ఒక్కదానికి మంచిది కొను. అన్నీ ఖరీదైనవి కొనేవానికి పని తెలీదు. అన్నీ చవకవి కొనేవానికి చెక్క తెలీదు."

మళ్లీ ముషీరాబాద్ పోయి ఆ ఒక్కటీ తెచ్చాను. దసరాకు షెడ్డులో ఆయుధపూజ నేనే చేశాను. యంత్రానికి పసుపు, ఉలికి కుంకుమ. కొత్త బిట్టుకు మాత్రం ప్రత్యేకంగా మొన నుంచి కాడ దాకా గంధం పట్టించాను.

పూజయిన మూడో రోజు శనివారం. సార్ ఊరెళ్లారు, తాళం నా దగ్గరుంది. మొనకున్న గంధం తుడిచి, బిట్టు బిగించి, అసలు పలక మీద గ్రంథం జారకుండా ఆపే గాడి మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి యంత్రం చప్పుడు మారింది. ఆగలేదు. ఎత్తి చూస్తే గాడి లోతుకు, ఇంకా లోతుకు పోయి, చివర జానెడు మేర పలక అవతలికి చీలింది. ఉన్నదే ఒక్క పలక.

ఆ సాయంత్రం వేదికెక్కి, "ఖరీదైనది కొనమని నాకు నూరిపోసిన పెద్దమనిషి మనలోనే ఉన్నాడు. ఆ ఖరీదే ఇయ్యాల మన తలుపును చీల్చింది," అన్నాను. తలలన్నీ మూడో వరుసకు తిరిగాయి. సార్ ఊరి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, ఒళ్లో సంచి ఉంది. చివరిదాకా కూర్చుని, ప్రసాదం తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు టీ బండి దగ్గర ఒకాయన, "సార్‌కు షాపోళ్లు కమీషన్ ఇస్తరేమో," అన్నాడు. ఉద్యోగమంతా పిల్లల వేళ్లు తెగకుండా కాపాడిన మనిషి గురించి ఆ మాట. నేను కాదనలేదు. నా జీవితంలో నేను చేసిన పాపాల్లో ఆ మౌనాన్ని ముందు రాస్తాను.

సోమవారం సార్ పిలిచారు. "బిట్టు నువ్వే విప్పు. నేను ముట్టుకోలేదు."

విప్పాను. కాడ చుట్టూ జిడ్డుగా పచ్చటి ముద్ద. ఆయన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ నా ముందర బల్ల మీద పరిచారు.

"యంత్రం బిట్టును పట్టుకునేది ఈ కాడనే సామీ. దీనికి గంధం పూస్తే పట్టు యాడ దొరుకుతాది? నువ్వు నెట్టేకొద్దీ అది కిందికి జారింది."

పూజకు ముందు పాత్రశుద్ధి చేయమని ఊరందరికీ చెప్పేవాణ్ణి నేను. లోపలికి పోయే భాగం వదిలేసి, పైకి కనిపించేది తుడిచాను. చవకదైనా, ఖరీదైనదైనా, పట్టు శుద్ధంగా లేకపోతే రెండూ ఒకటే. ఇది ఏ వేదిక మీదైనా గట్టిగా చెబుతాను.

"నన్ను తిట్టండి సార్."

"తిడితే గాడి పూడుతుందా? ఆ నల్ల చెక్క ఇట్లా పెట్టు."

జిట్రేగు చెక్కతో సన్నటి పట్టీ చేసి, చీలిన చోట అతికి కూర్చోబెట్టారు. గాడి మళ్లీ సమంగా నిలిచింది. కానీ ఎర్రటి టేకులో నల్లటి గీత. పాలిష్‌తో కనపడకుండా చేద్దామన్నాను.

"కనపడనీ. చెక్క సంగతి నేను చూసినా. సభ సంగతి నువ్వు చూసుకో," అన్నారు.

కార్తీకం మొదటి రోజు హాలు నిండింది. గ్రంథం పీఠం మీద పెట్టలేదు. ఆ నల్ల గీత చూపించి, తప్పు బిట్టుది కాదు, సార్‌ది కాదు, పొగరుతో పూసిన నా గంధానిది అని చెప్పాను. టీ బండి మాట కూడా చెప్పాను, ఆ మాటకు నేను నోరు మూసుకున్న సంగతీ చెప్పాను. గొంతు పెంచలేదు, అయినా వెనక వరుస దాకా వినిపించింది.

సార్ లేచి వచ్చారు. నా వైపు చూడలేదు. పీఠం ముందు గొంతుక్కూర్చుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, నల్ల పట్టీ పొడవునా బొటనవేలు నడిపించారు. ఒకచోట వేలు ఆగింది. జేబులోంచి చిన్న గరుకు కాగితం ముక్క తీసి అక్కడ రుద్దడం మొదలుపెట్టారు. హాలంతా ఆ గరగర వింటూ కూర్చుంది. నేను గ్రంథం రెండు చేతుల్లో పట్టుకుని, ఆయన పని అయ్యేదాకా నిలబడి ఉన్నాను.