సిస్టర్ల ఆసుపత్రిలో మూడు పుడిసిళ్ల నీళ్లు

మా బంధువుల్లో ఎవరికి బిడ్డ పుట్టినా మా అమ్మ మొదట చేసే పని, అరచేతిని దొన్నెలా పట్టి ఆ బిడ్డ మాడు మీద మూడు పుడిసిళ్ల నీళ్లు పోయడం. డాక్టర్లు వద్దన్నా, బాలింతలు మూతి ముడుచుకున్నా మానదు. నేను ఊపిరాడక నీలంగా పుట్టానట. ఆలూరు అవతల ఉన్న సిస్టర్ల ఆసుపత్రిలో ఒక సిస్టర్ అలా నీళ్లు పోయగానే కేరుమన్నానట. అప్పటినుంచీ మా వంశానికి అదే మహా వైద్యం.

వచ్చే నెల కర్నూల్లో అమ్మకు మోకాలి ఆపరేషన్. ఆ బల్ల ఎక్కేలోపు సిస్టర్ల ఆసుపత్రిని ఒక్కసారి చూడాలని పట్టుబట్టింది. నాకంటే ముందు ఆమెకు అక్కడే ఒక ఆడబిడ్డ పుట్టి పోయింది. చచ్చి పుట్టిందని మా జేజి, అంటే నాన్నవాళ్లమ్మ, చెప్పింది. అమ్మ మాత్రం బిడ్డ ఏడుపు విన్నానంటుంది. పక్క మంచం బిడ్డ ఏడ్చి ఉంటుందని జేజి, మత్తులో అలాగే వినిపిస్తుందని నాన్న ఆ మాటను కొట్టిపారేశారు. ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. అమ్మ ఆ మాట వదల్లేదు. ఆ బిడ్డను పెట్టిన చోటు కళ్లారా చూడాలి, ఆమె కోరిక అంతే.

కర్నూలు బస్టాండులో పొద్దున్నే ఉగ్గాని, బజ్జి తిని పత్తికొండ మీదుగా పోయే ఆలూరు బస్సెక్కాం. మూడు గంటల పైమాటే పడుతుంది. ఆడవాళ్లకు ఇప్పుడు పల్లెవెలుగులో టికెట్టు లేదు, ఆధార్ కార్డు మాత్రం మరిచిపోకండి. పత్తికొండ దాటాక దారి పొడుగునా ఎర్రనేల, ఎండిన వాగులు. ఆలూరులో దిగి రానూపోనూ నాలుగు వందలకు ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు ఖాజా నవ్వు మొహం మనిషి.

"ఆడ ఇప్పుడేముండాదమ్మా? బీపీ మాత్రలిస్తారు, అంతే. మేమంతా ఆడ పుట్టినోళ్లమే. ఇప్పుడు నొప్పులొస్తే నూట ఎనిమిది ఎక్కి ఆదోనికి పోతాండారు" అన్నాడు.

అతను ముందే చెప్పినా, గేటు దగ్గర దిగి ఇదేనా అని అతన్నే మళ్లీ అడిగాను. అమ్మ కథల్లో అది మహా కట్టడం. నా ఎదురుగా ఉన్నది పైకప్పు సగం కూలిన వార్డు, తుప్పు పట్టిన తాళం, నాపబండల వరండాలో పడుకున్న మేకలు. ఒక్క గది తెరిచి ఉంది. అందులో పండు ముసలి కన్యాస్త్రీ, సిస్టర్ త్రేస్య, ఎవరికో కట్టు కడుతోంది. పుట్టింది కేరళలోనట, మాట మాత్రం అచ్చంగా ఆలూరు సంతే.

కట్టు ముగించి, మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి, అమ్మ పేరు లక్ష్మమ్మ అని అడిగి తెలుసుకుని, ఆమె ఆసుపత్రి కథ చెప్పింది. "నేనొచ్చినప్పుడు పెద్దోళ్లు చెప్పేటోళ్లు. మొదట్లో ఒక్క పెంకుటిల్లే అంట. డాక్టరు లేడు, నర్సు చదువు చదివిన సిస్టర్లు ఇద్దరే. కాన్పులకు ఎద్దులబండ్లలో తెచ్చేటోళ్లు. కరువొస్తే గంజి కాసి పోసేది కూడా ఈడే. బావి తవ్వితే రాయి తప్ప నీళ్లు పడలా. రోగిని చూడను వచ్చే చుట్టాలు తలా ఒక బిందె మోసుకొచ్చేటోళ్లు. పండ్లు తేకపోయినా సరే, నీళ్లు తెండి అనేది."

అమ్మ చేతులు జోడించింది. "అంత కరువులోనూ మా పాపకు మూడు పుడిసిళ్లు పోసి బతికించినారు సిస్టరమ్మా!"

సిస్టర్ నా మొహం, అమ్మ మొహం మార్చి మార్చి చూసింది. "అది వైద్యం కాదు లక్ష్మమ్మా, జ్ఞానస్నానం, మా మతంలో ఇచ్చే బాప్తిస్మం. పోతాదనిపించిన బిడ్డకు పేరు పెట్టి, తల మీద మూడుసార్లు నీళ్లు పోసేది. పేరు లేకుండా దేవుని దగ్గరికి పోకూడదని. ఆడబిడ్డయితే మరియమ్మ. ఆ గడబిడలో వేరే పేరు వెతికే తీరిక యాడిది?"

జాతకం చూసి పెట్టిన పేరుతో ఇన్నేళ్లు తిరిగానా? పైగా మా బంధువుల పిల్లలందరికీ అమ్మ ఏం చేస్తూ వచ్చినట్టు?

"అయితే నేను..."

"నువ్వూ మరియమ్మవే."

"కన్నతల్లిని అడక్కుండానేనా?" గొంతు దానంతటదే లేచింది.

సిస్టర్ తల దించుకుంది. "అప్పుడు అడిగేటోళ్లు కాదు. అడగాల్సింది."

నేను ఇంకేదో అనబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె ధ్యాస ఇంకెక్కడో ఉంది. "సిస్టరమ్మా, ఊపిరి లేకుండా పుట్టిన బిడ్డకూ పోసేదా?"

"లేదమ్మా. ప్రాణముంటేనే జ్ఞానస్నానం. చచ్చి పుట్టిన బిడ్డను ఇంటోళ్ల చేతికే ఇచ్చేటోళ్లు, వాళ్ల పొలంలో పూడ్చుకునేటోళ్లు. నీళ్లు పోసినాక పోయిన బిడ్డలను మాత్రం మా సిస్టర్ల పక్కనే, వెనక గోడ లోపల పెట్టేది."

"మా ఆయన గోడ లోపలే పెట్టినాడు. గడ్డపార సిస్టర్లే ఇచ్చినారని ఆయనే చెప్పినాడు."

గోడ లోపల పెట్టారంటే నీళ్లు పోశారు. నీళ్లు పోశారంటే మా అక్క ప్రాణంతో పుట్టింది.

"అయితే ఏడ్చింది" అంది అమ్మ. అది ప్రశ్న కాదు.

వెనక గోడ లోపల సిస్టర్ల సిలువలు వరసగా ఉన్నాయి. వాటి పాదాల దగ్గర చిన్న చిన్న నాపబండ ముక్కలు, పేర్లు లేవు. "మీ బిడ్డది ఏదో నాకు తెల్దు లక్ష్మమ్మా" అని సిస్టర్ ఏడ్చేసింది. అమ్మ ఏడవలేదు. నా సంచిలోంచి నీళ్ల సీసా లాక్కుంది. వంగని మోకాలితోనే వంగి, ఒక్కో బండ మీద మూడు పుడిసిళ్లు పోసుకుంటూ పోయింది. నీళ్లు తగ్గేకొద్దీ పుడిసిలి చిన్నదయింది, చివరి బండకు తడి వేళ్లు మూడుసార్లు ఆనించింది. ఏ ఒక్కదాన్నీ వదల్లేదు.

తిరుగు బస్సులో నేను లోలోపల అందరితోనూ పోట్లాడాను. అడక్కుండా నీళ్లు పోసినవాళ్ల మీద కోపం ఇంకా పోలేదు. కానీ ఆ నీళ్లే పోసి ఉండకపోతే అమ్మ విన్నది నిజమని చెప్పే సాక్ష్యం మరొకటి ఉండేది కాదు. అమ్మ బెంగ పెట్టుకుంటుందనే జేజి, నాన్న అబద్ధమాడి ఉంటారు. కానీ కన్నతల్లి చెవులను ఇన్నేళ్లు అబద్ధం చేశారే, అది నాకు మింగుడు పడటం లేదు. పక్క సీటావిడ మాటల్లో పెట్టి "పిల్లలెంతమందమ్మా?" అని అడిగింది. ఎప్పుడూ "ఒక్కతే" అనే అమ్మ, ఈసారి తడుముకోకుండా "ఇద్దరు" అంది. "పెద్దది మరియమ్మ."

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. పొద్దున పూటే వెళ్లండి, మధ్యాహ్నం ఆ ఒక్క గదికీ తాళం వేస్తారు. లోపల ఇప్పటికీ నీళ్లకు ఇబ్బందే. మేం ఒక్క సీసాతో వెళ్లి, ఆలూరు చేరేదాకా నాలుక పిడచకట్టుకుని వచ్చాం. మీరు రెండు తీసుకెళ్లండి, ఒకటి మీరు తాగడానికి.