చేతికిచ్చిన టెండరు కవరు

మొన్న పొద్దున బాగాయంలో మా ఇంటి వసారాలో కూర్చొని పేపరు తిరగేస్తుంటే, విద్యార్థుల హాస్టళ్ళకు దుప్పట్లు కావాలనీ, టెండర్లు కంప్యూటరులోనే దాఖలు చేయాలనీ ఒక చిన్న ప్రకటన కనిపించింది. ఇప్పటివాళ్ళకు అందులో వింతేమీ లేదు గానీ, లక్కముద్ర వేసిన కవర్లనూ తాళం వేసిన టెండరు పెట్టెనూ ఎరిగిన నా ఈడువాళ్ళ చూపు అక్కడ కాసేపు ఆగుతుంది.

వేలూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఆ పెట్టె నా బల్లకు నాలుగడుగుల దూరంలో ఉండేది. మధ్యాహ్నం మూడులోపు ఎవరి కవరు వాళ్ళే అందులో వేయాలి, మూడు కాగానే అధికారి అందరి ముందూ తాళం తీసేవారు. గుడియాత్తంలో మగ్గం నేసే మా మేనమామ, తనతోపాటు మరో పదిమంది నేతగాళ్ళ తరఫున, దుప్పట్ల టెండరు కవరు పట్టుకొని పదకొండింటికే వచ్చాడు. ముఖ్యమైనది ఏదైనా తెలిసిన మనిషి చేతికివ్వడమే మావాళ్ళలో మర్యాద. "నువ్వుండంగా పెట్టెతో నాకేం పనప్పా" అని కవరు నా చేతిలో పెట్టి బస్సుకు వెళ్ళిపోయాడు. నేను దాన్ని సొరుగులో పెట్టి, పళ్ళికొండ నుంచి వచ్చిన స్నేహితునితో కాఫీకి పోయి, కబుర్లలో పడి, పెట్టె తెరిచాక గానీ గుర్తు తెచ్చుకోలేదు.

తప్పు అంతటితో ఆగినా బాగుండేది. మామ అడిగినప్పుడు, రేటు ఎక్కువ వేసినందుకు పోయిందని చెప్పాను. ఆ ఏడు పని లేక నేతగాళ్ళలో సగంమంది కనియంబాడిలో కట్టడాల దగ్గర ఇటుకలు మోశారు. మరుసటి ఏడు మామ నా మాట నమ్మి, తన కూలి తీసేసి రేటు వేశాడు. టెండరు ఆయనకే వచ్చింది, నెలల తరబడి ఊరికే నేశాడు.

అది తెలిశాక ఉండబట్టలేక గుడియాత్తం పోయి, నేస్తున్న ఆయన పక్కన కూర్చొని నిజం చెప్పాను. నాడె ఆడించడం ఆపకుండానే విన్నాడు.

"ఆ పొద్దే చెప్పింటే నాలుగు తిట్లతో పోయుండు గదప్పా" అన్నాడు. కాసేపటికి, "లోపలికి పో, మీ అత్త దోసెలు పోస్తా ఉండాది. తిన్నంక తిడతా" అన్నాడు.

తిట్టాడు కూడా, వీధిలో నలుగురినీ పిలిచి, వాళ్ళందరూ నవ్వేటట్టు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరు కవరు చేతికివ్వబోయినా పెట్టె దాకా నడిపించుకొని పోయి వాళ్ళ చేతనే వేయించాను. మామ ఏటా వచ్చేవాడు, నా బల్ల దగ్గర కూర్చొని ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు, కవరు మాత్రం ముందుగా పెట్టెలో వేసి వచ్చేవాడు.

ఇప్పుడు నాలాంటివాడి మరుపు ఎవరి మగ్గాన్నీ ఆపే వీలు లేదు, అందుకు నాకు మనస్ఫూర్తిగా సంతోషం. అయినా, ఒక మనిషి తన ఏడాది పనిని నా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా బస్సెక్కిన పొద్దు నా జీవితంలో ఒక్కసారే వచ్చింది.