ఉడకని పొలెంటా, మొదటి అతిథి

పొలెంటా అనే వస్తువు ఈ లోకంలో ఉందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా కింది ఫ్లాట్ విజయక్క. అందుకు ప్రతిఫలంగా నేను ఆవిడ పళ్లకు తెచ్చిన ముప్పు చెబుతాను, వినండి.

అమెరికాలోని ఆష్‌బర్న్ వచ్చిన కొత్త. మావారు ఆఫీసుకి వెళితే సాయంత్రం దాకా నన్ను పలకరించేది మైక్రోవేవ్ ఒక్కటే. అదీ అన్నం వేడెక్కినప్పుడు మూడు కూతలు. అలాంటి రోజుల్లో లాండ్రీ గదిలో విజయక్క కలిసింది.

"పొలెంటా అంటే మొక్కజొన్న రవ్వేనమ్మాయ్. నాకు గోధుమ పడదుగా, ఇదే నా టిఫిన్. కడుపులో హాయిగా ఉంటుంది."

"అయితే శుక్రవారం మా ఇంటికి రండక్కా, నేను చేస్తాను!"

"వస్తా గానీ ఎక్కువసేపు కూర్చోలేను. మీటింగ్ ఉంది."

మా గడప తొక్కే మొదటి అతిథి! రవ్వ కనబడగానే నా చేతులు ఉప్మాకి అలవాటుపడ్డ దారినే పోయాయి: తాలింపు, అల్లం, ఒకటికి రెండు నీళ్లు. ఇట్టే గట్టిపడింది. నేను బడికి వెళ్లలేదు. అక్షరాలూ వంటా అమ్మమ్మే ఇంట్లో నేర్పింది. దేవుడికి పెట్టకముందు రుచి చూడకూడదన్నది ఆవిడ మొదటి పాఠం. కాబట్టి చూడలేదు. స్వామికి నివేదించాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఓర్పు సంగతి మీకు తెలిసిందే.

విజయక్క మొదటి ముద్దకే ఆగింది. గులకరాళ్ల మీద బస్సు వెళ్లిన చప్పుడు.

"బాగుందా అక్కా?"

"చాలా... క్రంచీగా ఉంది."

నేనూ నోట్లో పెట్టుకున్నాను. ఇసుక! "అయ్యో, మీరింక మా ఇంటికి రారు!" అనేశాను. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

ఆవిడ పకపకా నవ్వింది. "పిచ్చిదానా, దీనికి నాలుగింతల నీళ్లు పొయ్యాలి, అరగంట తిప్పాలి. జరుగు, గరిటె ఇటివ్వు."

వేడినీళ్లు పోసి తిప్పుతూనే ఆఫీసుకి ఫోన్: "సారీ గైస్, విల్ జాయిన్ లేట్. కిచెన్ ఎమర్జెన్సీ!"

రవ్వ వెన్నలా అయ్యేసరికి ఆవిడ పిల్లల పేర్లు, అత్తగారి అలకలు, వీసా కష్టాలు అన్నీ నాకు తెలిసిపోయాయి. నెయ్యి వేసుకుని కడుపునిండా తిన్నాం. ఆ మధ్యాహ్నాన్ని ఇచ్చినందుకు స్వామికి ఇప్పటికీ దణ్ణం పెడతాను.

కావున సకల దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఉడకని పొలెంటా ఇక ఎన్నడూ ఎవరికీ వడ్డించను, తొందరగా వెళ్లిపోవాలనే వాళ్లకి తప్ప.

తర్వాత విజయక్క ఉద్యోగం మారి కాలిఫోర్నియాలోని శాన్ రామన్ వెళ్లిపోయింది. మీరు దీపం పెట్టేటప్పుడు ఆవిడ చల్లగా ఉండాలని ఒక్కసారి తలుచుకోండి.